ఆవుదూడ రాయి

దేవుణ్ణి శిక్షించి వాన కురిపించుకోవడం భక్తి అవుతుందా, కాదా? ఈ అనుమానం రామలింగయ్యను తొమ్మిదో ఏట పట్టుకుంది. ఇప్పుడాయనకు అరవై ఎనిమిది నిండాయి, అది మాత్రం వదల్లేదు. పొద్దున్నే దేవుని గూట్లో దీపం పెట్టి, అంగడి తలుపులు తీసి, తక్కెడకు మొక్కి గానీ మొదటి బేరం చేయని మనిషి ఆయన. అటువంటి మనిషి లోపల ఇటువంటి ప్రశ్న ఉందని భార్య నాగరత్నమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఒకసారి ఊరికి పురాణం చెప్పడానికి వచ్చిన స్వామిని అడగబోయాడు. ఆయన కాళ్ళు కడిగిన చెంబు ఇంకా చేతిలోనే ఉంది, ఇప్పుడే ఇదేం ప్రశ్న అనుకొని నోరు మూసుకున్నాడు.

ప్రశ్నకు కారణం ఊరి బయట బీడులో ఉన్న రాయి. ఊరి పేరు బసవనదొడ్డి. గుమ్మఘట్టకు అవతల, సగం తెలుగు సగం కన్నడం వినబడే చోట ఉంది. ఊరికి ఉత్తరాన రెండు వందల నలభై ఎకరాల బీడు. దాన్ని ఎవరూ దున్నరు. చుట్టుపక్కల ఏడు ఊర్ల గొర్రెలు, ఆవులు అక్కడే మేస్తాయి. బీడు మొదట్లో, వానకే పారే వంక గట్టు మీద ఆరడుగుల రాతి పలక ఒకటి నిలబడి ఉంటుంది. పైన సూర్యుడు, చంద్రుడు. వాళ్ళ కింద దూడకు పాలిస్తున్న ఆవు. ఆవు కాళ్ళ కింద పద్నాలుగు వరుసల పాత కన్నడ అక్షరాలు. ఏటా ఉగాదికి ఊరివాళ్ళు భక్తిగా సున్నం కొట్టీ కొట్టీ ఆ అక్షరాల గుంటలు పూడిపోయాయి. అందరూ దాన్ని ఆవుదూడ రాయి అంటారు.

ముంగారు వానకు, అంటే తొలకరికి, విత్తనం వేసి, పైరు ఎండబట్టేదాకా మళ్ళీ వాన రాకపోతే, ఊళ్ళో పన్నెండు ఇండ్ల నుంచి ఇంటికొక మనిషి పోయి ఆ రాయిని గద్దెలోంచి పెకలించి బోర్లా పండబెడతారు. ఆవు మూతి, దూడ మూతి మన్నులో ఉంటాయి. వాటి బాధ చూడలేక మేఘం దిగి వస్తుందని నమ్మకం. పండబెట్టడానికైనా లేపడానికైనా ఇంటికొకరు పట్టే వంతును ఆ ఇంటి మోత అంటారు. పక్కనున్న వంక పారేదాకా రాయిని ముట్టకూడదు. ముందే లేపితే లేపినవాడి ఇంటికి కీడు.

తొమ్మిదేళ్ళప్పుడు రామలింగయ్య తన నాయన వెంట పోయి చూశాడు. నాయన రెండు చెంపలూ వాయించుకొని, తప్పు తప్పు అని గొణిగి, అదే చేత్తో రాయిని తోశాడు. తప్పని తెలిసినప్పుడు తొయ్యడమెందుకు, తొయ్యక తప్పనప్పుడు చెంపలెందుకు అని పిల్లవాడికి అర్థం కాలేదు. ముసలివాడయ్యాక కూడా కాలేదు.

మూడేళ్ళ కింద ఊళ్ళో ఒక సంఘం పుట్టింది. పుట్టించింది లహరి. రాయదుర్గంలో ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది. ఆమె నాయన బయ్యన్న ఐదెకరాల మెట్ట రైతు, రామలింగయ్యకు చిన్ననాటి సావాసగాడు. ఊరి భూమినీ, పాత కట్టడాలనూ కాపాడుకునే సంఘం అని లహరి రిజిస్టరు పుస్తకం మీద రాసింది. పేర్లు పదకొండు. వచ్చేది నలుగురైదుగురు. ఆదివారం పొద్దున రామలింగయ్య అంగడి ముందర కూర్చుంటారు. అధ్యక్షుడు రామలింగయ్య. ఎందుకు ఆయనే అని ఎవరో అడిగితే బయ్యన్న చెప్పాడు.

"అధ్యక్షుడంటే కుర్చీ ఉండల్ల. ఊర్లో చేతులుండే కుర్చీ శెట్టి అంగట్లోనే ఉండాది."

అయినా ఆ సంఘం ఊరికే కూర్చోలేదు. దిగుడుబావిలో మొలిచిన కంపంతా కొట్టించింది. చింతల తోపులో పడి ఉన్న వీరగల్లులు, పోరులో చచ్చినవాళ్ళ గుర్తు రాళ్ళు, మొత్తం ఆరు అని లెక్క తేల్చింది. పాత బురుజు రాళ్ళను ఎవరో పునాదికి తోలుకుపోతుంటే ట్రాక్టరుకు అడ్డం పడింది. అడ్డం పడింది లహరి. రామలింగయ్య గొడుగు పట్టుకొని ఆమె వెనక నిలబడ్డాడు. ఆ పొద్దు ఆయన తన జీవితంలో ఎప్పుడూ లేనంత గొప్పగా నాగరత్నమ్మకు ఆ సంగతి చెప్పుకున్నాడు.

ఈ ఏడు ఉగాది దాటాక బీడు మీద సోలారు పలకలు వేస్తారన్న మాట వచ్చింది. రికార్డులో అది ప్రభుత్వ బంజరు. లీజుకు ఇవ్వబోతున్నారు. చుట్టూ కంచె వేసే కాంట్రాక్టు బయ్యన్న దాయాది విష్ణువర్ధన్‌ది. మాజీ సర్పంచి, ఊళ్ళో జేసీబీ ఉన్నది అతనొక్కడికే.

లహరి సోమవారం సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సుకు పోయింది. ఈ బీడు పశువుల కోసం పూర్వం ఎవరో విడిచిపెట్టిన భూమి, ఆ సంగతి రాయి మీద ఉంది, చదివించండి అని అర్జీ. ఫోన్లో తీసిన ఫొటోలు చూపితే, సున్నం కింద ఒక్క అక్షరమూ తెలియడం లేదన్నారు. చివరికి ఒక కాగితం వచ్చింది. పురావస్తు శాఖ నుంచి ఒక అధికారి వస్తారు, రాయి మీది సున్నం కడిగి, తడి కాగితం అదిమి, సిరా అద్ది అచ్చు తీస్తారు, అందులో భూమి మాట ఉంటే లీజు ఆపుతారు. లేకపోతే లేదు. ఏడు ఊర్ల గొడ్ల మేత ఆ ఒక్క అచ్చు మీద నిలిచింది.

వస్తామన్న తేదీకి రాలేదు. ఇంకో తేదీ ఇచ్చారు, దానికీ రాలేదు.

అంతలో వాన మొహం చాటేసింది. జూలై మొదట్లో విత్తనానికి చాలే ఒక పదును వాన పడితే అందరూ సెనక్కాయ వేశారు. ఆ తర్వాత నలభై మూడు దినాలు చుక్క లేదు. పూత పూసి, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగాల్సిన సమయం. నేల పెంకులాగా గట్టిపడి ఊడల్ని లోపలికి రానివ్వడం లేదు. శ్రావణం చివరి శనివారం బయ్యన్న అంగడి ముందు నిలబడ్డాడు. వెనకాల ఇంకో పది మంది. లహరి ఆ పొద్దు అనంతపురంలో ఉంది, అర్జీ పని మీదే.

"శెట్టీ, రాయి పండబెట్టల్ల. మీ ఇంటి మోతకు నువ్వు రా."

"ఆఫీసరు వస్తే ఎట్లప్పా?" అన్నాడు రామలింగయ్య.

"రెండుతూర్లు వస్తామని రాల్యా. దసరా దాకా రారు. అంతలోకి వాన పడుతుంది, మనమే లేపుతాం."

"లహరి ఒక మాట..."

"లహరికి జీతమొస్తుంది. నా చేన్లో ఊడలు గాల్లో యాలాడతాండాయి, పోయి చూసుకో."

అధ్యక్షుడిగా ఆయన వద్దనవచ్చు. వద్దంటే ఆగిపోయేవాళ్ళేమో కూడా. బయ్యన్న మొహం మీద ఎండిన చెమట చారలు చూశాక ఆ మాట నోటికి రాలేదు. పైగా తన మనసులో కూడా ఒక ఆశ కదిలింది. వాన పడితే పైరూ బతుకుతుంది, రాయీ లేస్తుంది, ఎవరికీ నష్టం లేదు. తక్కెడ దించి, చొక్కా విప్పి, కండువా నడుముకు చుట్టుకొని వాళ్ళ వెంట పోయాడు. రాయి దగ్గర చెంపలు వేసుకున్నాడు. తోశాడు.

మర్నాడు ఆదివారం. సంఘానికి లహరి ఒక్కతే వచ్చింది. అరవలేదు.

"మీరుండి కూడానా శెట్టి మామా?" అంది.

ఆయన బెల్లం చుట్టూ మూగిన ఈగలను తోలాడు. ఆమె రిజిస్టరులో ఆ రోజు తేదీ వేసి, తన సంతకం చేసి, పుస్తకం ఆయన ముందుకు తోసింది. ఆయనా సంతకం చేశాడు.

అన్నం దగ్గర నాగరత్నమ్మ అంది. "వాన పడితేగానీ రాయి లేవదు. ఆఫీసరు వచ్చేది మీ చేతిలో లేదు, వాన వచ్చేది మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉండేది ఆ ముద్ద. అది తినండి."

ఆ బుధవారమే పొద్దున తొమ్మిదికి లహరికి ఫోను వచ్చింది, బయల్దేరామని.

పదకొండుకు తెల్ల జీపు బీడు గట్టున ఆగింది. దిగినామె పేరు కృపాకుమారి. నలభై ఏళ్ళుంటాయి, ఎండకు కమిలిన మొహం, చంకలో చుట్టిన కాగితాల గొట్టం. వెంట వచ్చిన రెవెన్యూ మనిషి జీపు నీడ వదల్లేదు. విష్ణువర్ధన్ బుల్లెట్టు మీద ముందే వచ్చి ఉన్నాడు. ఊరి మగవాళ్ళు ఇరవై మంది దాకా గట్టున కూర్చున్నారు.

కృపాకుమారి రాయి చుట్టూ ఒకసారి తిరిగింది. ఉలి గాట్లు తప్ప ఏమీ లేని రాతి వీపు ఎండలో మెరుస్తోంది.

"ఇదేనా?"

"ఇదే మేడమ్. అక్షరాలు కిందివైపు ఉన్నాయి," అంది లహరి.

"సరే, తిప్పించండి. నాకు గంట చాలు."

ఎవరూ లేవలేదు. ఆమె ఇంకోసారి చెప్పింది. బయ్యన్న తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"వాన పడల్ల మేడమ్. వంక పారినాకనే లేపేది. ముందు లేపకూడదు."

"వాన ఎప్పుడు పడుతుంది?"

"అది తెలిస్తే మేం దీన్ని పండబెట్టేవాళ్ళమే కాదు గదమ్మా."

ఒకరిద్దరు నవ్వారు. కృపాకుమారికి కూడా నవ్వు వచ్చింది గానీ ఆపుకుంది. లహరి వచ్చి నాయన ఎదుట నిలబడింది.

"నాయనా, ఈ పొద్దు లేపకపోతే బీడు పోతుంది. గొడ్లను యాడికి తోలుతావు?"

"బీడు పోతే గొడ్లు పోతాయి. పైరు పోతే మనం పోతాం. నువ్వు గమ్మునుండమ్మా."

విష్ణువర్ధన్ బుల్లెట్టు మీద నుంచి దిగాడు. ఉగాదికి కూడా ఈ రాయికి టెంకాయ కొట్టని మనిషి. ఈ పొద్దు చెప్పులు విడిచి మరీ వచ్చి రాతికి దండం పెట్టాడు.

"బయ్యన్న చెప్పింది న్యాయం మేడమ్. పెద్దల ఆచారం. మేం అధికారుల కోసం దేవుణ్ణి ఇబ్బంది పెట్టం."

"మీ దగ్గర జేసీబీ ఉందన్నారే?"

"రిపేరుకు పోయింది మేడమ్, బళ్ళారికి."

జేసీబీ అతని చేని కంచె వెనకాల పసుప్పచ్చగా అందరికీ కనబడుతూనే ఉంది. ఎవరూ అటు చూడలేదు.

లహరి రామలింగయ్య వైపు తిరిగింది. "మామా, మీరు చెబితే వింటారు. మీరు దైవభక్తి ఉండే మనిషని అందరికీ తెలుసు. మీరు తప్పు లేదంటే తప్పు లేదు."

ఇరవై జతల కండ్లు ఆయన మీద పడ్డాయి. గొడుగు మడిచాడు. తప్పు లేదని ఎట్లా చెప్పడం? తనకే తెలియదే. తప్పు ఉందని ఎట్లా చెప్పడం? అదీ తెలియదు. అరవై ఏళ్ళుగా మోస్తున్న ప్రశ్నను నడిబీడులో పట్టుకొని నిలబడ్డాడు. చివరికి ఆయన నోటి నుంచి వచ్చింది చిన్న మాట.

"కీడు వస్తే నా ఇంటికి రానీ. లేపుదాం రండప్పా."

అన్నాక, ఎవరైనా లేస్తారేమోనని ఆగి చూశాడు. ఒక్క కుమ్మరి గంగాధరప్ప లేచాడు. లహరి చున్నీ బిగించింది. జీపు డ్రైవరు జాలిపడి వచ్చాడు. నలుగురూ వంగి అంచు పట్టారు. పన్నెండు మంది రాయి అది. వేళ్ళు తెల్లబడ్డాయి గానీ రాయి అంగుళం కదల్లేదు. రామలింగయ్య కండ్లు తిరిగి కూలబడ్డాడు. గట్టు మీది నుంచి బయ్యన్న సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

కృపాకుమారి మోకాళ్ళ మీద వంగి, రాయికీ నేలకూ మధ్య ఉన్న సందులోకి చెయ్యి దూర్చింది. మోచేయి దాకా పోయింది. కండ్లు మూసుకొని, గోటితో సున్నం గీకి, వేళ్ళతో తడిమింది.

"అక్షరాలున్నాయి," అంది. "లోతుగా చెక్కినారు. మంచి పనితనం."

"అదే రాయండి మేడమ్," అంది లహరి.

"చేత్తో తడిమినానని రిపోర్టులో ఎట్లా రాసేదమ్మా? శుక్రవారానికి పంపాలి. మళ్ళీ రావాలంటే పైవాళ్ళు పంపాలి. ఈ నెలలో నాకింకా తొమ్మిది మండలాలున్నాయి."

చేతికి అంటిన మన్ను దులుపుకుంది. ఆమె తప్పేమీ లేదు. జీపు ఎక్కే ముందు రామలింగయ్యకు తన నీళ్ళ సీసా ఇచ్చి తాగమంది.

సోమవారానికి కాగితం వచ్చింది. రాయి బోర్లా ఉన్నందున శాసనం ఉన్నదీ లేనిదీ నిర్ధారించలేకపోయామనీ, రాయిని భద్రత కోసం మండలాఫీసు ఆవరణకు తరలించవచ్చుననీ ఉంది. గురువారానికి కంచె స్తంభాలు దిగాయి. శనివారానికి బీడు మూడు వైపులా తీగ పడింది. గొర్రెలు తీగ దగ్గరికి వచ్చి ఆగి, కాపరి వైపు చూసి, మళ్ళీ తీగ వైపు చూశాయి.

కృపాకుమారి వచ్చి పోయిన పదకొండో రోజు, ఆదివారం మిట్టమధ్యాహ్నం, పడమటి నుంచి మబ్బు వచ్చింది. రెండు గంటల సేపు ఎడతెగని వాన. బయ్యన్న చేను నీళ్ళు తాగింది. ఊడలు దిగాయి. సాయంత్రానికి వంక ఎర్రగా పారింది. ఊళ్ళో ఆడవాళ్ళు వంక దగ్గరికి పోయి పసుపు కుంకుమ వేసి వచ్చారు. నాగరత్నమ్మ కూడా పోయింది. రామలింగయ్య పోలేదు. అంగడి అరుగు మీద కూర్చొని చూరు నుంచి కారే నీళ్ళను చూశాడు. సంతోషపడాలో ఏడవాలో తేల్చుకోలేక రెండూ మానుకున్నాడు.

మర్నాడు పదింటికి విష్ణువర్ధన్ కంచె గేటు తెరిపించాడు. జేసీబీ బళ్ళారి నుంచి వచ్చేసింది కాబోలు, దాంతో రాయిని ఎత్తి ట్రాక్టరులో వేయిద్దామన్నాడు. బంకమన్ను నేల అది, వానకు నానింది. జేసీబీ పది గజాలు లోపలికి పోయి సగం చక్రం దాకా కూరుకుపోయింది. ఇంక మోయాల్సిందే. రాయి నుంచి తారు రోడ్డుకు మూడు వందల అడుగులు.

ముందు గడ్డపారలతో రాయిని లేపి గద్దెలో నిలబెట్టారు. నిలబెట్టకుండా తీసుకుపోతే ఒప్పుకోమని ఊరివాళ్ళు పట్టుబట్టారు. అప్పుడు చూశారందరూ. పదహారు రోజులు మన్నులో పండుకొని, వాన తడికి ఉబ్బి, ఏండ్లనాటి సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి నేలకే అంటుకుపోయింది. ఆవు కండ్లు తెరిచినట్టుంది. లహరి చెంబుతో నీళ్ళు పోసి, చున్నీ కొనతో తుడిచి, కూడబలుక్కుంటూ చదివి తెలుగులో చెప్పింది.

"ఏడు ఊర్ల గోవులకు... మేతకు విడిచిన భూమి... చంద్రుడు, సూర్యుడు ఉన్నంత కాలం... దీన్ని..." అక్కడితో ఆగింది. కింది మాటలు శాపం. చదవలేదు.

ఫొటోలు తీసి కృపాకుమారికి పంపింది. పావుగంటకు జవాబు వచ్చింది. అద్భుతంగా ఉందనీ, నివేదిక వెళ్ళిపోయిందనీ, రాయి చెక్కుచెదరకుండా చూసుకోమనీ. లహరి ఆ జవాబును నాయనకు చదివి వినిపించింది. బయ్యన్న నీళ్ళు తాగిన తన చేను వైపు ఒకసారి, తీగ వైపు ఒకసారి చూశాడు.

మోకులు కట్టి ఆరు బొంగులు దూర్చారు. బొంగుకు ఇద్దరు, పన్నెండు భుజాలు. రామలింగయ్య ఇంటి మోతకు రాయదుర్గంలో బట్టల అంగడి ఉన్న కొడుకు సుదర్శన్ వచ్చాడు. పదకొండు మంది నిలబడ్డారు. పన్నెండో చోటు బయ్యన్నది. అతను గట్టు మీద కర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు. నిన్నటి వానలో గట్టు మీద జారి నడుము పట్టేసింది.

"నాయన మోతకు నేను పడతా," అంది లహరి.

"నువ్వు తప్పుకో తల్లీ. ఆ మోత నాది," అన్నాడు రామలింగయ్య. అప్పటికే చొక్కా గుండీలు విప్పుతున్నాడు.

"నువ్వు యాల నాయనా? మన ఇంటికి నేనొచ్చినా గదా," అన్నాడు సుదర్శన్.

"నీది మన ఇంటిది. ఇది వేరే."

వేరే ఏమిటో ఆయనకూ బయ్యన్నకూ బాగా తెలుసు. ఇరవై రెండేళ్ళ కింద, వరసగా మూడేళ్ళు కరువు పడి, చివరికి వాన కురిసి, రాయిని లేపే రోజున రామలింగయ్య ఊళ్ళో లేడు. నాగరత్నమ్మకు ఆపరేషనని బళ్ళారి ఆస్పత్రిలో ఉన్నాడు. ఒక ఇంటి మోత తక్కువైతే రాయి లేపరు. బయ్యన్న తన ఇంటి చోట ముసలి తండ్రిని నిలబెట్టి, తాను శెట్టి ఇంటి చోట పట్టాడు. దానికి బదులు డబ్బు కాదు, గింజలు కాదు. మోతకు మోతే. అదీ అవతలివాడు చేతకాక పక్కన నిలబడిన రోజునే తీరుతుంది. ఆ తర్వాత రాయి నాలుగుసార్లు లేచింది. నాలుగుసార్లూ బయ్యన్న దున్నపోతులా వచ్చి తన చోట తాను నిలబడ్డాడు. అంగట్లో పురుగు పట్టిన బియ్యం ఇచ్చినా, తూకం కొంచెం తగ్గినా బయ్యన్నది ఒకటే మాట. "ముందు నా మోత తీర్చప్పా, తర్వాత మాట్లాడు."

రామలింగయ్య బొంగు కిందికి భుజం పెట్టాడు. ఎవరో కేక పెట్టారు, అందరూ లేచారు. బరువు మెడ నరాల మీదుగా కాళ్ళలోకి దిగింది. బురదలో అడుగు దించితే మడమ దాకా పోతోంది, లాగితే చప్పుడవుతోంది. ఎదురుగా ఉన్న గంగాధరప్ప వీపు తప్ప ఆయనకేమీ కనబడలేదు. రెండుచోట్ల దించమన్నారు, దించారు. మూడోసారి లేపినప్పుడు దేవుడి పేరు తలుచుకోబోతే, ఏ మొహంతో తలచుకోవాలో తెలియక అడుగులు లెక్కపెట్టుకున్నాడు.

రాయి ట్రాక్టరులోకి ఎక్కింది. కింద గడ్డి పరిచి, ఈసారి ఆవుదూడల మొహాలు ఆకాశం వైపు ఉండేలా పడుకోబెట్టారు. విష్ణువర్ధన్ మనిషి గేటుకు తాళం వేశాడు. రామలింగయ్య రోడ్డు పక్కన కంకర మీద కూర్చున్నాడు. భుజం మీద చర్మం చిట్లి, రక్తం చెమటతో కలిసి కారుతోంది.

బయ్యన్న కర్ర ఊనుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు. తలగుడ్డ విప్పి, వంక నీళ్ళలో తడిపి తెచ్చినట్టున్నాడు, ఆయన భుజం మీద వేశాడు.

"సరిపాయ శెట్టీ," అన్నాడు. "తీరిపాయ. ఇంక నిన్ను ఏమని తిట్టల్లనో వెతుక్కోవల్ల."